రాళ్ల వయసు కొలిచిన రాబర్ట్ స్ట్రట్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, నా పని గురించే రాయమన్నారు. నా పనిలో చెప్పుకోదగ్గ కథ ఏమీ లేదు. స్టీలు గొట్టాలు, వాల్వులు, పంపులు కలిపి, లోపల గాలి అన్నది లేకుండా చేసి, ప్రయోగశాలలకు అప్పగించడం నా బతుకుదెరువు. హైదరాబాద్‌లో చిన్న వర్క్‌షాపు. అయితే ఈ పనిని నూరేళ్లకు ముందే, గాజుతోను పాదరసంతోను చేసిన ఒకాయన ఉన్నాడు. ఆయన జీవితం చెబితే నా పని కూడా అందులోనే వచ్చేస్తుందని అనిపించింది.

ముందు ఒక చిన్న సంగతి. మనం ఏడో తరగతిలో ఉన్నప్పుడు సారు మనందరినీ నిజాంసాగర్ కట్ట చూపించడానికి తీసుకుపోయారు. మహమ్మద్ నగర్ నుంచి ఎంత దూరమని, సద్ది కట్టుకుని నడిచే పోయాం. మంజీర మీద ఈ కట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయిందని సారు చెప్పారు. మనలో ఒకడు కట్ట వయసు సరే, కట్టలో పెట్టిన ఈ రాయి వయసెంత సారూ అని అడిగాడు. కట్టకు యాభై ఏళ్లు, రాయికి ఎంతో తనకు తెలియదని, పెద్దయ్యాక మీలో ఎవరైనా తెలుసుకుని వచ్చి తనకు చెప్పమని సారు అన్నారు. తెలియదని చెప్పిన టీచరును నేను చూడటం అదే మొదటిసారి. అడిగినవాడు ఇప్పుడు బాన్సువాడలో బియ్యం వ్యాపారం చేస్తున్నాడు. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

రాబర్ట్ జాన్ స్ట్రట్ 1875 ఆగస్టు 28న ఇంగ్లండులో, ఎసెక్స్ జిల్లాలోని టెర్లింగ్ అనే ఊళ్లో పుట్టాడు. జమీందారీ కుటుంబం. తండ్రి మూడో లార్డ్ రేలీ. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో లెక్క కట్టి చెప్పిన రేలీ ఆయనే. మేనమామ ఆర్థర్ బాల్ఫోర్ తర్వాత ఆ దేశ ప్రధానమంత్రి అయ్యాడు. భూములు, పాడి ఆవులు, లండన్ వరకు పాలు పంపే వ్యాపారం. ఇవన్నీ ఉన్న ఇంట్లో ఒక పక్క ప్రయోగశాల ఉండేది. తండ్రి అక్కడే పనిచేసేవాడు. ఖరీదైన సామాను తక్కువ. చేతికి దొరికిన గాజు, మైనం, దారంతోనే ప్రపంచంలో ఎవరూ చేయనంత కచ్చితమైన కొలతలు తీయడం తండ్రి పద్ధతి.

ఆ ఇంటి పరికరాల్లోంచి ఎలాంటి సంగతి బయటపడిందో చూడండి. గాలి నుంచి తీసిన నైట్రోజన్‌నూ, రసాయనాల నుంచి తీసిన నైట్రోజన్‌నూ తండ్రి ఒకే గాజు బుడ్డిలో నింపి తూచాడు. రెండింటి బరువుకు తేడా గ్రాములో సుమారు నూరో వంతు. ఇంకెవరైనా అయితే త్రాసు తప్పని వదిలేసేవారు. ఆయన వదలలేదు. విలియం రామ్సేతో కలిసి ఆ తేడా వెంట పడితే, గాలిలో అప్పటిదాకా ఎవరికీ తెలియని ఆర్గాన్ అనే వాయువు ఉన్నట్టు 1894లో తేలింది. ఆ పనికే తండ్రికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆర్గాన్ దొరికిన ఏడు రాబర్ట్‌కు 19 ఏళ్లు. అదే ఏడు ఈటన్ బడి ముగించుకుని కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీకి చేరాడు. చిన్న తేడాను చిన్నది కదా అని వదలకూడదన్న పాఠం అతనికి ఇంట్లోనే దొరికిందని నేను అనుకుంటాను. పెద్ద ఇంట్లో పుట్టడం వల్ల వచ్చిన అన్ని లాభాల్లోకి అదే పెద్దది.

ఇక్కడ హీలియం సంగతి చెప్పకపోతే కథ నడవదు. ఇది మన తెలుగు నేల మీద మొదలైన కథ కూడా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలలను చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పాగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. ఆ జ్వాలల కాంతిలో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీత కాదని ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ తేల్చి, సూర్యుడిలో కొత్త మూలకం ఉందన్నాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. గుంటూరులో హీలియం కనిపెట్టారని మనవాళ్లు ఒక్క మాటలో అంటారు కానీ, కథలో ఇంతమంది ఉన్నారు. భూమి మీద ఆ వాయువు చేతికి దొరకడానికి మరో 27 ఏళ్లు పట్టింది. 1895లో రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంలో మరిగిస్తే వచ్చిన వాయువులో అదే పసుపు గీత కనిపించింది.

సూర్యుడిలో ఉండాల్సింది రాయిలోకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికే రోజుల్లో స్ట్రట్ కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ దగ్గర పనిచేస్తున్నాడు. రేడియోధార్మికత అప్పుడే కొత్తగా బయటపడింది. ఆల్ఫా కిరణాలు ధనావేశం ఉన్న కణాలై ఉండాలని ముందుగా ఊహించిన కొద్దిమందిలో స్ట్రట్ ఒకడు. 1903లో రామ్సే, సాడీ ఇద్దరూ రేడియం నుంచి హీలియం పుడుతున్నట్టు చూపించారు. మరికొన్నేళ్లకు ఆల్ఫా కణమంటే హీలియమేనని రూథర్‌ఫర్డ్ రుజువు చేశాడు. అంటే యురేనియం, థోరియం ఉన్న ప్రతి రాయీ లోపల కొద్దికొద్దిగా హీలియంను పుట్టిస్తూనే ఉంటుంది. ఆ హీలియం రాయిలోనే చిక్కుకుపోతే, ఇప్పటికి ఎంత చేరిందో కొలిచి, ఏడాదికి ఎంత పుడుతుందో దానితో భాగిస్తే రాయి వయసు వస్తుంది. కల్లంలో ధాన్యం రాశి చూసి, పూటకు ఎంత తూర్పారబడతారో తెలిస్తే ఎన్ని పూటల పనో చెప్పినట్టే. రాశిలోంచి ఎవరూ ఎత్తుకుపోకుండా ఉండాలి, అంతే.

రూథర్‌ఫర్డ్ ఈ లెక్కను మొదట వేశాడు. ఫెర్గుసొనైట్ అనే ఖనిజంలో ఉన్న హీలియంను రామ్సే వాళ్లు అప్పటికే కొలిచి పెట్టారు. దాన్ని తీసుకుని మొదట 4 కోట్ల ఏళ్లన్నాడు. తర్వాత లెక్క సరిదిద్దుకుని 50 కోట్ల ఏళ్లన్నాడు. ఆ రోజుల్లో ఇది చిన్న మాట కాదు. భూమి కరిగిన ముద్దగా మొదలై చల్లారుతూ వచ్చిందని, దాని వయసు 2 నుంచి 4 కోట్ల ఏళ్లకు మించదని లార్డ్ కెల్విన్ 1897లో తేల్చేశాడు. కెల్విన్ మాట అంటే అప్పట్లో శాసనం. ఆ కొద్ది కాలంలో ఇన్ని రాతి పొరలు ఎలా పేరుకున్నాయో, ఇన్ని జీవులు ఎలా మారాయో చెప్పలేక భూగర్భ శాస్త్రజ్ఞులు, డార్విన్ వైపువాళ్లు చాలాకాలం ఇరకాటంలో పడ్డారు. కెల్విన్ లెక్కకు మొదటి దెబ్బ స్ట్రట్ చేతుల మీదుగానే బాగా తగిలింది. 1906లో ఆయన రకరకాల రాళ్లలో ఉన్న రేడియంను కొలిచాడు. మామూలు రాళ్లలో కూడా రేడియం ఉందని, గ్రానైటులో బసాల్టు కంటే ఎక్కువని, భూమి బయటికి వదిలే వేడికి కావలసినదాని కంటే ఎక్కువే ఉందని తేలింది. లోపల పొయ్యి మండుతూ ఉంటే, చల్లారే లెక్కతో వయసు చెప్పడం ఎలా కుదురుతుంది?

1908లో స్ట్రట్ లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆ రెండు మూడేళ్లే మన కథకు ముఖ్యం. రూథర్‌ఫర్డ్ లెక్కలో ఒక లొసుగు ఉంది. రాయిలో ఏడాదికి ఎంత హీలియం పుడుతుందన్న సంగతి అప్పటికి ఎవరూ నేరుగా కొలవలేదు. ఆల్ఫా కణాలను లెక్కపెట్టి, మధ్యలో ఇంకొన్ని అంచనాలు కలిపి చెప్పినదే. స్ట్రట్ ఆ అంచనాలు వద్దనుకున్నాడు. ఖనిజం తన కళ్ల ముందే హీలియంను పుట్టిస్తుంటే దాన్నే కొలుస్తానన్నాడు. సంక్రాంతికి ముందు ఖాళీ చేసిన గాదె, ఉగాదికి ఎంత నిండిందో చూడటం లాంటి పని. కాకపోతే ఆ గాదెలో పడే గింజ ఎంత చిన్నదో చూడాలి.

ఆయన ఎంచుకున్నది థోరియనైట్. నల్లగా, బరువుగా ఉండే ఈ ఖనిజం మన పక్కనే ఉన్న సింహళంలో దొరికేది. థోరియం, యురేనియం రెండూ దండిగా ఉంటాయి. ఒక గ్రాము థోరియనైట్‌లో ఏడాదికి పుట్టే హీలియం ఎంతంటే, ఒక ఘన సెంటీమీటరును 10 కోట్ల భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాల కంటే కొంచెం తక్కువ. అందుకే ఆయన కొన్ని వందల గ్రాముల ఖనిజం తీసుకుని నత్రికామ్లంలో కరిగించాడు. కరగగానే కోట్ల ఏళ్లుగా లోపల దాగిన హీలియం అంతా బయటికి వచ్చేస్తుంది. ద్రావణాన్ని మరిగించి ఆ పాత హీలియం జాడ లేకుండా తోడేయాలి. తర్వాత పాత్రను మూసి, వారాలు ఆగాలి. ఆ వారాల్లో పుట్టిన కొత్త హీలియంను మళ్లీ మరిగించి బయటికి తీసి కొలవాలి. అప్పటికి చేరేది ఒక ఘన సెంటీమీటరులో పది లక్షల వంతులు ఒకటో రెండో.

ఇంత కొంచెం వాయువును ఎలా కొలిచారన్నది నాలాంటి పనివాడికి పండగ. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఓపిక లేనివారు తర్వాతి పేరాలకు పోవచ్చు.

ద్రావణం నుంచి వచ్చే వాయువులో హీలియం ఒక్కటే ఉండదు. నీటి ఆవిరి, ఆమ్లం నుంచి వచ్చే వాయువులు, ఎక్కడో దూరిన గాలి అన్నీ ఉంటాయి. మామూలు వాయువులను రసాయనాలతో పీల్చేయవచ్చు. మిగిలిన చెత్తను వదిలించడానికి ఒక చక్కని ఉపాయం అప్పటికి కొత్తగా వచ్చింది. కొబ్బరి చిప్ప బొగ్గును ద్రవ గాలిలో ముంచి చల్లబరిస్తే, అది దాదాపు అన్ని వాయువులనూ పీల్చి పట్టుకుంటుంది. హీలియంను మాత్రం పట్టుకోలేదు. సున్నాకు 190 డిగ్రీలు కింద కూడా హీలియం దేనికీ అంటుకోకుండా తిరుగుతుంది. బొగ్గు బుడ్డి దాటి బయటపడిందే హీలియం. ఏ వాయువుతోనూ కలవని దాని ఒంటరి గుణమే దాన్ని పట్టించింది.

అలా మిగిలిన దాన్ని పాదరసం పంపుతో తోసి మెక్‌లియోడ్ గేజిలోకి పంపుతారు. ఈ గేజి బొమ్మ మనం ఇంటర్‌లో వేసినవాళ్లకు గుర్తుండవచ్చు. పైన మూసి ఉన్న సన్నని గాజు గొట్టం, దాని కింద పెద్ద గాజు బుడ్డి. కింది నుంచి పాదరసం లేపితే బుడ్డిలో పలచగా పరుచుకున్న వాయువంతా ఆ సన్నని గొట్టంలోకి నెట్టుకుపోయి చిన్న బుడగ అవుతుంది. బుడగ పొడవు, పాదరసం ఎత్తుల తేడా స్కేలు మీద చూసి, బాయిల్ సూత్రంతో మొత్తం వాయువు ఎంతో చెప్పవచ్చు. తొమ్మిదో తరగతి పాఠం, అంతే. కంటికి కనబడని దాన్ని కంటితో చూసే పొడవుగా మార్చడం అందులోని గొప్పతనం. చివరికి ఆ వాయువులో విద్యుత్తు పంపి స్పెక్ట్రోస్కోపులో చూస్తే గుంటూరు ఆకాశంలో కనబడ్డ ఆ పసుపు గీతే కనబడాలి. నియాన్ గీతలు కూడా కనబడితే ఎక్కడో బయటి గాలి లోపలికి వచ్చినట్టు లెక్క. ఎందుకంటే గాలిలో హీలియం కంటే నియాన్ ఎక్కువ. ఇన్ని పనులూ గాజు అతుకులతోను, గ్రీజు పూసిన గాజు కుళాయిలతోను. ఒక్క కుళాయి సరిగ్గా కూర్చోకపోతే వారాల ఎదురుచూపు వృథా.

ఈ బాధ నాకు తెలుసు. కొన్నేళ్ల కింద ఒక ప్రయోగశాలకు ఖనిజాల నుంచి హీలియం తీసే స్టీలు గొట్టాల వ్యవస్థ చేసి ఇచ్చాను. లీకులు వెదకడానికి మా పరిశ్రమలో అందరం చేసే పని ఒకటే. అతుకుల మీద బయటి నుంచి హీలియం చల్లి, లోపల హీలియం కనబడిందా అని చూస్తాం. చేతి వాటం కొద్దీ ఇక్కడా అదే చేశాను. హీలియంను కొలవాల్సిన పరికరం మీద హీలియం చల్లానన్న సంగతి ఆ తర్వాత గానీ తట్టలేదు. వాల్వుల్లోని రబ్బరు రింగులు దాన్ని పీల్చుకుని, రోజుల తరబడి లోపలికి వదులుతూనే ఉన్నాయి. ఖనిజం పెట్టకుండానే రీడింగు వచ్చేది. ఆ రింగులన్నీ మార్చి, గొట్టాలకు వేడి పట్టీలు చుట్టి వారాలపాటు కాల్చి ఖాళీ చేస్తే తప్ప అది దారికి రాలేదు. అప్పుడే స్ట్రట్ పాత పత్రాలను తెరిచి చదివాను. మంచి పుస్తకాలు చేతికి వచ్చేది తప్పు చేసినప్పుడే.

1910లో స్ట్రట్ ఫలితం ప్రకటించాడు. గ్రాము థోరియనైట్‌లో నిల్వ ఉన్న హీలియం సుమారు 9 ఘన సెంటీమీటర్లు. ఏడాదికి పుట్టేది ఇందాక చెప్పిన అణువంత. భాగిస్తే రెండు నమూనాలకు 25 కోట్లు, 28 కోట్ల ఏళ్లు వచ్చాయి. కెనడాలోని చాలా పాత రాళ్లలో దొరికిన స్ఫీన్ అనే ఖనిజానికి 70 కోట్ల ఏళ్ల పైన వచ్చింది. కెల్విన్ 1907లోనే పోయాడు. ఆయన 4 కోట్ల ఏళ్ల భూమి కూడా ఆయనతోనే పోయింది.

స్ట్రట్‌లో నాకు ఎక్కువగా నచ్చేది ఈ తర్వాతి సంగతి. ఆయన ఆ అంకెలను రాళ్ల వయసు అని చెప్పలేదు. ఇంతకంటే తక్కువ ఉండదని మాత్రమే చెప్పాడు. పత్రం పేరులోనే కనీస అంచనా అన్న మాట పెట్టాడు. ఎందుకంటే అంతకు ముందే ఆయన ఖనిజాలను పొడి చేసి, మూసిన పాత్రలో పెట్టి, ఏం జరుగుతుందో చూశాడు. పొడి నుంచి హీలియం దానంతటదే కారిపోతోంది. చాలా ఖనిజాల్లో పుట్టేదాని కంటే పోయేదే ఎక్కువగా ఉంది. కల్లంలో రాశి దగ్గర కాపలా లేదన్నమాట. మరో వింత కూడా ఎదురైంది. పచ్చల జాతికి చెందిన బెరిల్ అనే రాయిలో యురేనియం, థోరియం దాదాపు లేకపోయినా హీలియం మాత్రం చాలా ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. అర్థం కాలేదనే రాశాడు. తన గడియారం నడవదని చెప్పే సాక్ష్యాలను తానే వెదికి, తానే అచ్చు వేయించాడు. పరికరం చేసేవాడికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. కష్టపడి చేసిన పరికరం తప్పు చూపిస్తోందని చెప్పడానికి నోరు రాదు. నా అనుభవంలో అయితే రాలేదు. ఆ ప్రయోగశాలవాళ్లు అడిగేదాకా నేను హీలియం చల్లిన సంగతి చెప్పలేదు.

స్ట్రట్ జాగ్రత్త ఎంత సరైనదో ఇప్పుడు తెలుసు. సింహళపు ఆ రాళ్ల వయసు ఈనాటి పద్ధతుల్లో 50 కోట్ల ఏళ్ల పైన వస్తోంది. అంటే సగం హీలియం కారిపోయింది.

ఇంపీరియల్ కాలేజీలో ఆయన దగ్గర ఆర్థర్ హోమ్స్ అనే కుర్రాడు ఉండేవాడు. హీలియం కారిపోతుంది సరే, యురేనియం చివరికి సీసంగా మారుతుంది కదా, సీసం ఎక్కడికి పోతుంది అన్న దారి పట్టాడు. అమెరికాలో బోల్ట్‌వుడ్ అప్పటికే ఆ దారి చూపాడు. 1911లో హోమ్స్ నార్వే నుంచి వచ్చిన రాయికి సీసం లెక్కతో 37 కోట్ల ఏళ్లు చెప్పాడు. రాళ్ల వయసు శాస్త్రానికి పెద్దదిక్కు అయ్యింది చివరికి హోమ్సే. గురువు మాత్రం 1910 తర్వాత ఈ విషయంలోంచి తప్పుకున్నాడు. ఓడిపోయి తప్పుకున్నాడని కొందరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. ఆ రోజుల్లో ఉన్న గాజు, పాదరసంతో ఎంతవరకు పోవచ్చో అంతవరకు పోయాడు. కారిపోయేదాన్ని ఎవరు ఎంత బాగా కొలిచినా లాభం లేదు.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను. 1911లో విద్యుత్తు పంపిన నైట్రోజన్, కరెంటు ఆపాక కూడా వెలుగుతూ ఉండటాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫౌలర్‌తో కలిసి, సూర్యుడి అతినీలలోహిత కిరణాలను మన నెత్తి మీద అడ్డుకుంటున్నది ఓజోన్ అని చూపించాడు. ఇవాళ పిల్లలందరూ చదివే ఓజోన్ పాఠానికి మూలాల్లో అదొకటి. 1919లో తండ్రి చనిపోయాడు. స్ట్రట్ నాలుగో లార్డ్ రేలీ అయ్యాడు. ఉద్యోగం వదిలి టెర్లింగ్ ఇంటికి వచ్చి, తండ్రి ప్రయోగశాలలోనే చివరిదాకా పనిచేశాడు. రాత్రి ఆకాశంలో చంద్రుడు లేకపోయినా, నక్షత్రాల మధ్య కూడా ఒక మసక వెలుగు ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి కొలిచాడు. ఆ వెలుగును కొలిచే ప్రమాణానికి ఇప్పుడు రేలీ అని పేరు. అది తండ్రి పేరు కాదు, కొడుకుది. ఈ సంగతి చాలామంది ఇంజనీర్లకు కూడా తెలియదు. తండ్రి జీవిత చరిత్ర ఒకటి, గురువు థామ్సన్ జీవిత చరిత్ర ఒకటి రాశాడు. ప్రేతాత్మల మీద విచారణ చేసే ఒక సంఘానికి అధ్యక్షుడిగా కూడా ఉన్నాడు. దాని గురించి నేనేమీ అనను. 1947 డిసెంబర్ 13న టెర్లింగ్‌లోనే కన్నుమూశాడు.

ఆయన వదిలిన హీలియం పద్ధతి మాత్రం మంచం పట్టి, లేచి, మళ్లీ పడి, చివరికి నిలబడింది. 1920ల్లో పానెత్ అనే రసాయన శాస్త్రవేత్త కొలతను ఇంకా వేల రెట్లు సున్నితం చేశాడు. ఆయన కూడా ఒకసారి దెబ్బతిన్నాడు. హైడ్రోజన్‌ను హీలియంగా మార్చానని 1926లో ప్రకటించి, ఆ హీలియం వేడెక్కిన గాజు నుంచే వచ్చిందని తెలుసుకుని మరుసటి ఏడు వెనక్కి తీసుకున్నాడు. హీలియం చల్లిన నా తప్పు గుర్తుకొచ్చినప్పుడల్లా పానెత్‌ను తలచుకుని ధైర్యం తెచ్చుకుంటాను. మన దేశం నుంచి వెళ్లిన వి.ఎస్. దూబే 1929లో హోమ్స్‌తో కలిసి ఇంగ్లండులోని రాళ్లకు హీలియం వయసులు కట్టాడు. ఆ తర్వాత హీలియం కారిపోతుంది, నమ్మలేం అని అందరూ దీన్ని పక్కన పెట్టేశారు.

1987లో కొందరు దీన్ని తిరగేసి చూశారు. ఎపటైట్ అనే ఖనిజంలో హీలియం సుమారు 70 డిగ్రీల వేడికి పైన నిలవదు, చల్లబడితే నిలుస్తుంది. అలాంటప్పుడు హీలియం చెప్పేది రాయి ఎప్పుడు పుట్టిందన్నది కాదు. లోతుల్లో వేడిగా ఉన్న రాయి, పైన ఉన్న నేల కోసుకుపోతూ ఉంటే, ఎప్పుడు పైకి వచ్చి చల్లబడిందన్నది. స్ట్రట్‌ను ఏడిపించిన కారుడే ఇప్పుడు థర్మామీటరు అయ్యింది. కొండలు ఎప్పుడు లేచాయో, లోయలు ఎప్పుడు కోసుకుపోయాయో దీనితో చెబుతున్నారు. వెంట్రుక మందం కంటే కొంచెం పెద్దదైన ఒక్క గింజ చాలు. దాన్ని చిన్న లోహపు పొట్లంలో పెట్టి లేజరుతో వేడి చేస్తారు. బొగ్గు చేసిన పనిని ఇప్పుడు గెటర్ అనే లోహం చేస్తుంది. మెక్‌లియోడ్ గేజి చోట మాస్ స్పెక్ట్రోమీటర్ వచ్చింది. ముందే కొలిచి పెట్టుకున్న హీలియం-3ని కలిపి, దానితో పోల్చి రాయిలోని హీలియం-4ను లెక్కిస్తారు. స్ట్రట్‌కు వారాలు పట్టిన కొలత నిమిషాల్లో అయిపోతుంది. అయినా వరస మాత్రం ఆయనదే. బయటికి తీయడం, చెత్త వదిలించడం, కొలవడం, గాలి దూరిందేమో చూసుకోవడం.

నేను చేసి ఇచ్చిన వ్యవస్థ చివరికి నడిచింది. మొదటి గింజ కాల్చిన రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. ఖాళీ పొట్లంతో చూస్తే రీడింగు దాదాపు సున్నా. గింజ పెట్టి చూస్తే అంకె లేచింది. ఆ ఖాళీ పొట్లం సున్నా చూసినప్పుడు కలిగిన సంతోషం, గింజ అంకె చూసినప్పుడు కలగలేదు.

పోయిన దసరాకు ఊరికి వచ్చినప్పుడు సారు ఇంటికి వెళ్లాను. నిజాంసాగర్ కట్ట రాయి సంగతి గుర్తు చేశాను. ఆయనకు గుర్తులేదు. అయినా శ్రద్ధగా విన్నారు. మన దిక్కు గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివని సీసం లెక్క చెబుతుందని, అదే రాయిలోని ఎపటైట్‌ను హీలియం లెక్కతో చూస్తే అంతకంటే చాలా తక్కువే వస్తుందని చెప్పాను. మరి ఈ రెండింట్లో రాయి వయసు ఏదని సారు అడిగారు. ఒకటి పుట్టిన తేదీ, ఇంకొకటి లోతుల్లోంచి పైకి వచ్చి చల్లబడిన తేదీ అన్నాను. కాసేపు ఆలోచించి, హీలియం కారిపోకుండా ఆపే ఉపాయం ఏదీ లేదా అని మళ్లీ అడిగారు. ఎనభై దాటిన మనిషి. స్ట్రట్ 1909లో అడిగిన ప్రశ్నే.

మెక్‌లియోడ్ గేజి ఎలా ఉంటుందో పిల్లలకు చూపించడానికి స్వర్ణోత్సవం నాడు ఒకటి చేసి తెమ్మన్నారు. గాజు గొట్టం ఊదించాను. పాదరసం బడిలోకి తేవడం ఇప్పుడు మంచిది కాదు కాబట్టి రంగు నీళ్లతో నడిచేలా చేశాను. కొలత రాదు కానీ, పెద్ద బుడ్డిలోని గాలి సన్నని గొట్టంలో చిన్న బుడగ అవడం కనబడుతుంది. సైన్స్ గదిలో కిటికీ పక్క బల్ల మీద పెడతాను. పగలగొట్టకుండా చూడండి.